మైకు ధర, మైకు దూరం

నా దగ్గర చదువుకున్న పిల్లలలో కొందరు ఇప్పుడు లఘుచిత్రాలు తీస్తున్నారు. సంభాషణలలో భాష సరిచూడమని వ్రాతప్రతి పట్టుకొని వస్తారు; సరిచూసి పంపుతాను. చిత్రం పూర్తయిన పిదప తెచ్చి చూపినప్పుడు మాత్రం నేను సరిచూసిన మాటలలో సగం నా చెవికి చేరవు. బొమ్మకు వంక పెట్టనక్కరలేదు. ఈనాటి చేతిఫోను పట్టే బొమ్మ ముచ్చటగానే ఉంటున్నది. మాట మాత్రం నూతిలోనుండి వచ్చినట్లుంటుంది. పైన పంఖా చప్పుడు, వీధిలో ఆటో మోత, గోడలను కొట్టుకొని తిరిగివచ్చే ప్రతిధ్వని, వీటన్నిటి అడుగున ఎక్కడో పాత్రధారి గొంతు. "మైకు మంచిది కాదు మాస్టారూ. డబ్బు కూడబెట్టి మంచిది కొంటాము. తక్కువలో ఏది కొనమంటారు?" అని అడుగుతారు.

ఈ ప్రశ్నకు అంగడివాడు ఒక జవాబు చెబుతాడు, చరిత్ర మరొక జవాబు చెబుతుంది. నాకు కొంత తెలిసినది రెండవది. టాకీ పుట్టిన నాటినుండి ప్రతి తరమూ ఎదుర్కొన్న చిక్కు ఒక్కటే. మైకును నోటికి ఎంత దగ్గరగా తేగలము? తెచ్చినదానిని కెమెరా కంటపడకుండా ఎట్లా దాచగలము? ధర ప్రసక్తి ఈ రెండు ప్రశ్నల తరువాతనే వస్తుంది.

తెలుగు పండితునికి మైకుతో ఏమి పని అని ఎవరైనా నవ్వవచ్చును. పని ఉన్నది. మన భాష అజంతము. పరభాషా పదం వచ్చినా చివర ఒక అచ్చు తగిలించుకొని గాని ఇంట్లోకి రానివ్వము. ఇంగ్లీషువాడి 'మైక్' మన వాకిట్లోకి వచ్చేసరికి 'మైకు' అయినది. ఆ చివరి అచ్చు అలంకారం కాదు, అర్థం అక్కడే ఉన్నది. వచ్చాడు, వచ్చాడా, వచ్చాడే, వచ్చాడో: నాలుగు మాటలలోను మొదటి రెండక్షరాలూ, మూడవదానిలోని హల్లూ ఒక్కటే. చెప్పడమూ, అడగడమూ, ఆశ్చర్యపడటమూ, సందేహించడమూ అన్నీ చివరి అచ్చులోనే తేలాలి. ఇంగ్లీషులో ప్రశ్న చాలావరకు వాక్యం మొదటనే తెలిసిపోతుంది. మనకు తుదిదాకా వినాలి. వాక్యాంతంలో ఊపిరి తగ్గి గొంతు దిగే చోటనే మనం అర్థాన్ని పెట్టుకున్నాము. మైకు దూరంగా ఉంటే ముందుగా నష్టపోయేది ఆ చివరి అచ్చు. ఆమె 'వెళ్ళను' అన్నదో 'వెళ్ళనా' అన్నదో తెలియకపోతే కథే తారుమారవుతుంది.

ద్విత్వాల సంగతి కూడ ఇట్టిదే. 'గుడి'కీ 'గుడ్డి'కీ ఉన్న భేదం నాలుక అంగిటివద్ద ఎంతసేపు ఆగినది అన్నదే. ఆ ఆగిన క్షణంలో శబ్దం దాదాపు అణగిపోతుంది. ఖాళీ గదిలో ముందరి అచ్చు యొక్క ప్రతిధ్వని వచ్చి ఆ సందును పూడ్చివేస్తే, వినేవానికి ద్విత్వం జారిపోతుంది. శ, ష, స అనే ఊష్మాలు మరీ సన్నని శబ్దాలు. వాటి బలమంతా పై పౌనఃపున్యాలలోనే ఎక్కువగా ఉంటుంది; 'స' విషయంలో అది సెకనుకు నాలుగు వేల కంపనాల పైనే. పాత టెలిఫోను సుమారు 300 నుండి 3,400 కంపనాల వరకు మాత్రమే మోసేది. అందుకనే ఫోనులో పేరు చెప్పేటప్పుడు 'స' అంటే సీతలో 'స' అని వివరించవలసి వచ్చేది.

ఆ టెలిఫోను దగ్గరనే మైకు కథ మొదలు. 1878లో లండనులో డేవిడ్ ఎడ్వర్డ్ హ్యూస్ బొగ్గు కడ్డీల ఒరపిడిపై ఆధారపడిన సాధనాన్ని చూపి దానికి మైక్రోఫోన్ అని పేరు పెట్టినాడు. ఎడిసన్, బెర్లినర్ మొదలైనవారు అదే కాలంలో అదే మార్గాన పనిచేసినారు. బొగ్గు నలుసులు నింపిన డబ్బీపై పలుచని రేకు. గొంతుకు రేకు కదిలితే నలుసులు నొక్కుకుంటాయి, విద్యుత్తు హెచ్చుతగ్గులవుతుంది. చౌక, గట్టి. కాని ఎప్పుడూ బుసబుసమంటూ ఉండేది. టెలిఫోనుకు సరిపోయినది గాని నటుని నిట్టూర్పును పట్టుకోలేదు.

నిట్టూర్పును పట్టగలిగిన మైకును 1916లో అమెరికాలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థలో ఇ. సి. వెంటె తయారుచేసినాడు. సన్నని లోహపు పొర, దానికి వెంట్రుకవాసి దూరంలో మరొక పలక, రెండింటి నడుమ విద్యుదావేశం. దానిని కండెన్సరు మైకు అన్నారు. స్పష్టతకు పెట్టినది పేరు. అయితే దాని నుండి వచ్చే సంకేతం ఎంత బలహీనమంటే పక్కనే ఒక ఆంప్లిఫయరును కట్టిపెట్టవలసి వచ్చేది. గాజు వాల్వులతో ఆ పెట్టె బరువెక్కేది, బ్యాటరీలు వేరే. మైకు అనగా ఒక మనిషి అవలీలగా ఎత్తి పట్టుకునే వస్తువు కాదన్నమాట.

1927 అక్టోబరు 6న న్యూయార్కులో 'ది జాజ్ సింగర్' విడుదలైనది. ఆ తరువాతి రెండు మూడేళ్ళు హాలీవుడ్డు పడిన అవస్థ చదువుతుంటే నవ్వూ జాలీ ఒకేసారి కలుగుతాయి. కెమెరా చప్పుడు వినబడకూడదని కెమెరానూ కెమెరామనిషినీ కలిపి గాలి చొరని గదిలో బంధించినారు. మైకును పూలకుండీలో, దీపపు స్తంభం వెనుక, బల్లమీది వస్తువుల చాటున దాచినారు. నటులు పూలకుండీ దగ్గరకు వచ్చి, నిలబడి మాట్లాడి, అక్కడ నోరు మూసుకొని తరువాతి మైకు దగ్గరకు నడిచేవారు. మూకీలలో చెంగుచెంగున తిరిగిన నటీనటులు స్తంభాల్లా నిలిచిపోయినారు. 1929లో 'ది వైల్డ్ పార్టీ' తీస్తున్న దర్శకురాలు డొరొతి ఆర్జ్‌నర్, తన నాయిక క్లారా బోకు ఈ సంకెల వదిలించడానికి మైకును గాలపు కర్రకు కట్టించి, ఆమె ఎటు కదిలితే అటు తలపై తిప్పించినదని చెబుతారు. ఇటువంటి ఉపాయం ఇంకొందరికీ తట్టినట్లే చెప్పుకుంటారు కనుక మొదటివారు ఎవరన్న తగవు మనకు వద్దు. మనకు కావలసినది ఇంతే: అంతటి ఖరీదైన మైకు చేయలేని పనిని చేపలుపట్టే కర్ర చేసిపెట్టినది. నేటి బూమ్ కర్రకు ఆ గాలపు కర్రయే పెద్దమ్మ.

ఇక మన దేశానికి వస్తే, 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ సినిమాలో 'ఆలం ఆరా' విడుదలైనది. అర్దేషిర్ ఇరానీ వాడినది తానార్ అనే పద్ధతి. అందులో బొమ్మా శబ్దమూ ఒకే ఫిలిముపై ఒకేసారి పడతాయి. పొరపాటు జరిగితే శబ్దాన్ని మాత్రం విడిగా దిద్దుకునే వీలు లేదు. పరికరాలతో వచ్చిన అమెరికను ఇంజనీరు దగ్గర మెళకువలు గ్రహించి, శబ్దగ్రహణపు పని ఇరానీయే రుస్తుం భరూచాతో కలిసి నెత్తిన వేసుకున్నాడు. స్టూడియో పక్కనే రైలుపట్టాలు. పగలంతా రైళ్ళ రొద. శబ్దాన్ని అడ్డగలిగే గోడలు కట్టే స్తోమతు లేదు. అందుచేత రైళ్ళు సద్దుమణిగిన తరువాత, అర్ధరాత్రి దాటిన వేళ చిత్రీకరించినారు. పాటకు వాద్యగాండ్రు కెమెరాకు కనబడకుండా నక్కి కూర్చొని వాయించినారు. మైకులను కూడ నటుల చుట్టుపక్కలనే దాచినారు.

మొదటిసారి శబ్దం పట్టబోయే మా పిల్లలకు నేను ఈ ఘట్టాన్ని పదేపదే చెబుతాను. భారతదేశపు మొదటి టాకీకి శబ్దం పట్టినవారు కూడ ఆ విద్యకు కొత్తవారే. వారు చేసిన మొదటి పని మైకు మార్చడం కాదు, వేళ మార్చడం. ఆ పనికి కాసు ఖర్చు లేదు. రహదారి పక్క ఇంట్లో సాయంత్రం ఆరు గంటలకు ఆత్మీయ సంభాషణ చిత్రీకరించదలచినవాడు ఏ మైకు కొన్నా ఒక్కటే. తెల్లవారుజామున నాలుగున్నరకు అదే గదిలో ఫోను మైకు కూడ కొంత మర్యాదగా ప్రవర్తిస్తుంది.

మన తెలుగు టాకీ ఈ బొంబాయి పొత్తిళ్ళలోనే కన్ను తెరిచినది. ఇరానీ నిర్మాణంలో హెచ్. ఎం. రెడ్డి దర్శకత్వం వహించిన 'భక్త ప్రహ్లాద' ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం ఆధారంగా తయారైనది. 1931 సెప్టెంబరులో విడుదలైనదని చాలాకాలం వ్రాసుకున్నాము గాని, పరిశోధకులు పాత పత్రికలు, సెన్సారు వివరాలు తిరగవేసి 1932 ఫిబ్రవరి 6న బొంబాయి కృష్ణా సినిమాలో విడుదలైనదని నిలబెట్టినారు. అందులో మునిపల్లె సుబ్బయ్య, సురభి కమలాబాయి మొదలైనవారు నటించినారు. వీరంతా రంగస్థలం నుండి వచ్చినవారు. పందిట్లో చివరి చాపమీద కూర్చున్నవానికి కూడ పద్యం చేరాలని గొంతు పెంచి అలవాటుపడినవారు. అట్టివారికి మూరెడు దూరంలో ఉన్న యంత్రం ఎదుట అదే పద్యం చదవమంటే ఎట్లా ఉంటుందో ఊహించండి. మహాప్రాణాలు స్పష్టంగా పలకడం వారి విద్య. ఖ, ఛ, ఫ, భ పలికినప్పుడు నోటినుండి వెలువడే గాలి మైకు పొరను ఢీకొంటే 'ఢబ్బు'మనే చప్పుడే మిగులుతుంది. రంగస్థలంపై గుణమైనది యంత్రం ముందు దోషమైనది. ఇప్పటికీ పద్యం చదివేవారికి మైకు పెట్టేటప్పుడు నోటికి ఎదురుగా గాక, నొసటికి పైనుండి గాని, చెంపకు ఓరగా గాని పెట్టమని చెప్పేది ఇందుకే. గాలి ముందుకు పోతుంది, మాట అన్ని వైపులకూ పోతుంది.

1930ల ఆరంభంలో అమెరికాలో హ్యారీ ఆల్సన్ అనే శాస్త్రజ్ఞుని కృషివలన ఆర్.సి.ఏ. వారి రిబ్బను మైకులు వచ్చినవి. అయస్కాంతపు దవడల నడుమ వ్రేలాడే అల్యూమినియం నాడా వాటి ప్రాణం. అవి ముందూ వెనుకా వింటాయి, పక్కలనుండి వచ్చేదానిని పట్టించుకోవు. మైకుకు దిశ అనేది వచ్చినదన్నమాట. 1939లో షూర్ సంస్థలో బెంజమిన్ బావర్ రూపొందించిన యూనిడైన్ మైకు ముందు మాత్రమే బాగా విని, వెనుకవైపు చెవిటిది అయినది. నాయకుల ఉపన్యాసాల పాత ఛాయాచిత్రాలలో కనబడే పక్కటెముకల వంటి చట్రం గల మైకు అదే. అటుపిమ్మట పొడవైన గొట్టానికి పక్కలంట సందులు కోసి, పక్కనుండి వచ్చే శబ్దాలు గొట్టంలోనే ఒకదానినొకటి రద్దుచేసుకొనేటట్లు చేసిన మైకులు వృద్ధిలోకి వచ్చినవి. తుపాకి గొట్టం పోలిక ఉన్నందున వాటికి షాట్‌గన్ అని పేరు. 1970లలో వచ్చిన జర్మనీవారి సెన్‌హైజర్ ఎం.కె.హెచ్. 416 వాటిలో పేరుమోసినది. ఇప్పటికీ షూటింగులలో కనబడుతుంది. ధర లక్ష రూపాయల దరిదాపులలో ఉన్నది.

ఇక్కడ మన సినిమా తీసుకున్న మలుపు ఒకటి చెప్పక తప్పదు. 1935లో న్యూ థియేటర్స్ వారు నితిన్ బోస్ దర్శకత్వంలో తీసిన 'భాగ్యచక్ర', దాని హిందీ రూపం 'ధూప్ ఛావ్' చిత్రాలతో పాటను ముందే రికార్డు చేసి తెరపై పెదవులు కదిపే పద్ధతి మొదలైనది. మాటకు కూడ క్రమంగా అదే గతి పట్టినది. స్టూడియో లోపల తీసినంతకాలం మాటను అక్కడికక్కడే పట్టేవారు. అవుట్‌డోరు చిత్రీకరణ పెరిగి, తేలికైనదీ చప్పుడెక్కువైనదీ అయిన ఆరిఫ్లెక్స్ 2సి వంటి కెమెరాలు చేతికి వచ్చేసరికి, తావులో పట్టిన శబ్దం ఆనవాలుకు మాత్రమే మిగిలి, అసలు సంభాషణ డబ్బింగు థియేటరులో చెప్పించడం రివాజైనది. ఒకరి ముఖానికి మరొకరి గొంతు తగిలించడం కూడ సులువైనది. గొప్ప డబ్బింగు కళాకారులు మనకున్నారు, వారి ప్రతిభను తక్కువ చేయను. కాని శ్రీకాకుళపు యాసా, పాలమూరు పలుకుబడీ, రాయలసీమ ఉచ్చారణా ఆ గాజుగదిలో నునుపుదేరి ఒక్క తీరుగా అయిపోవడం నావంటివారికి కష్టంగానే ఉండేది. విదేశాలలో ఇదే కాలంలో వేరు దారి పడినది. పోలండులో పుట్టి స్విట్జర్లాండులో స్థిరపడిన స్టెఫాన్ కుడెల్స్కి 1951లో తయారుచేసిన నాగ్రా టేపురికార్డరు, ముఖ్యంగా 1958లో వచ్చిన మూడవ రూపం, భుజాన తగిలించుకొని వీధిలోకి పోయి మాట పట్టుకొనే స్వేచ్ఛ ఇచ్చినది. పోలిషు భాషలో 'నాగ్రా' అంటే 'రికార్డు చేస్తుంది' అని అర్థమట. భవిష్యత్ క్రియను పేరుగా పెట్టుకున్న యంత్రం ఇంకొకటి నేనెరుగను.

మన దేశంలో పెద్ద చిత్రం తావులోని శబ్దానికి మరలినదని అందరూ గమనించినది 2001లో 'లగాన్'తో. కచ్ఛ్‌లో భుజ్ పరిసరాలలో తీసిన ఆ చిత్రానికి నకుల్ కామ్టే శబ్దగ్రహణం చేసినాడు. జాతీయ పురస్కారం వచ్చినది. తెలుగులో 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం'లో విశాఖపట్నంలోని ఆ పేటవారే అనేకులు నటించినారు. ఆ చిత్రం చూసినప్పుడు ముఖాలకంటె మాటతీరే నాకు ఎక్కువ ఆనందం కలిగించినది. కొత్తగా చిత్రాలు తీసే పిల్లలకు డబ్బింగు థియేటరు అద్దె భరించే శక్తి ఎట్లాగూ ఉండదు. వారి పాత్రధారులు పక్కింటి అత్తలు, బాబాయిలు. తమ మాటను తావులో అన్నంత సహజంగా మళ్ళీ చీకటిగదిలో అనలేరు. కాబట్టి మొదటిసారి అన్నప్పుడే పట్టుకోవాలి. మైకు ఎంపిక అంత ముఖ్యమయ్యేది ఇందువలన.

మైకు చౌక అయిన వైనం కూడ చెప్పుకోదగినదే. కండెన్సరు మైకుకు బయటనుండి విద్యుదావేశం ఇవ్వాలని పైన చెప్పినాను గదా. అయస్కాంతం తన ఆకర్షణశక్తిని నిలుపుకొన్నట్లు విద్యుదావేశాన్ని తనలో ఏండ్ల తరబడి నిలుపుకొనే పదార్థాలు ఉన్నవి; వాటిని ఎలెక్ట్రెట్లు అంటారు. జపాను శాస్త్రజ్ఞుడు ఈగుచి మైనంతో వాటిని చాలా ముందే చేసి చూపినాడు. 1962లో బెల్ ప్రయోగశాలలో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ అనే ఇద్దరు, పలుచని పొరలో అట్టి ఆవేశాన్ని నిలిపి మైకు చేసినారు. వెస్ట్ నల్లజాతివాడు, ఆ రోజుల అమెరికాలో ఆ చోటికి చేరడమే గొప్ప. దీనితో ఆంప్లిఫయరు పెట్టె పోయి మిరియపుగింజంత ట్రాన్సిస్టరు మిగిలినది. వెంటె కనిపెట్టిన సొగసు కొన్ని రూపాయలకు దిగివచ్చినది. టేపురికార్డర్లు, ఫోనులు, వినికిడి యంత్రాలు అన్నిటిలోనూ అదే చేరినది. నేటి కాలరు మైకులోని బీజమూ అదే.

ఇప్పుడు దూరం లెక్క చూద్దాము. మన పాత కొలతలే ఇక్కడ చక్కగా పనికివస్తాయి. జానకు రెండింతలు మూర, మూరకు నాలుగింతలు బార. నోటినుండి నేరుగా మైకును చేరే శబ్దశక్తి, దూరం రెట్టింపైతే నాలుగవ వంతుకు పడిపోతుంది. జాన దూరాన ఉన్న మైకును బార దూరానికి జరిపితే దూరం ఎనిమిది రెట్లు, శక్తి అరవైనాలుగవ వంతు. కాని పంఖా చప్పుడూ, గోడల ప్రతిధ్వనీ గదిలో ఎక్కడ పెట్టినా దాదాపు ఒకే మోతాదులో ఉంటాయి. అనగా జానెడు దూరాన ఉన్న వెయ్యి రూపాయల మైకుకు బారెడు దూరాన కెమెరాపై కూర్చున్న లక్ష రూపాయల మైకు సాటిరాదు. ఖరీదైన మైకులో సొంత బుస తక్కువ. 416కు అది 13 డెసిబెల్లు అని తయారీదారు చెబుతాడు. చౌక మైకులో అది ఎక్కువ. కాని పంఖా తిరిగే గదిలో ఆ భేదం ఎవరి చెవికీ అందదు.

అందుచేత మొదటి కొనుగోలు, నా ఉద్దేశంలో, తీగగల కాలరు మైకు. బోయా వారి బి.వై.-ఎం.1 వంటిది వెయ్యి రూపాయలకు అటూ ఇటూ వస్తుంది. ఆరు మీటర్ల తీగ ఉంటుంది. కెమెరాకు తగిలిస్తే లోపలి బొత్తాం బ్యాటరీ కావాలి, ఫోనుకు తగిలిస్తే ఫోనే శక్తి ఇస్తుంది. దానికి తగ్గట్లు మీట మార్చుకోవాలి. కొనేముందు పిన్నుపై నల్లని గీతలు లెక్కపెట్టండి. సాధారణంగా మూడు గీతలది ఫోనుకు, రెండు గీతలది కెమెరాకు. తీగ అందని చోట ఇంట్లో మూలపడిన పాత ఫోనును రికార్డరుగా చేసి, మైకు తగిలించి, పాత్రధారి జేబులోనో, చీర కుచ్చెళ్ళ దగ్గరనో పెట్టండి. షాటు మొదట కెమెరా ఎదుట ఒక్క చప్పట్ట కొడితే తరువాత బొమ్మనూ మాటనూ కలుపుకోవచ్చు. స్టూడియోవారి క్లాపు పలక చేసే పనీ అదే.

కాలరు మైకుకు శత్రువు బట్ట. నేత చీర కొంత నయం, పట్టుచీర ప్రతి కదలికకూ గరగరలాడుతుంది. గొలుసు, నల్లపూసలు తగిలితే టకటకమంటుంది. కాగితపు జిగురుపట్టీతో మైకుకు రెండు పక్కలా బట్టను అదిమి అంటించి, తీగను ఒక చుట్ట చుట్టి వదులుగా విడవాలి. కండువా వేసుకొన్న పాత్ర అయితే కండువాను రెండవ భుజానికి మార్పించండి.

తీగలేని జతల మోజు ఇప్పుడు ఎక్కువ. 2019లో ఆస్ట్రేలియాకు చెందిన రోడ్ సంస్థ వైర్‌లెస్ గో అనే చిన్న జత తెచ్చినది, ఆపైన అటువంటివి చవకగా కుప్పలుగా వచ్చినవి. సౌకర్యమే. కాని చాలావాటిలో పరిసరాల రొదను తనంతట తానే అణచివేసే ఏర్పాటు ఒకటి ఉంటుంది. సన్నగా వినబడేదంతా రొదయని దాని భ్రమ. మన వాక్యాంతపు అచ్చులు సన్నగా ఉంటాయి గనుక వాటిని కూడ కోసివేస్తుంది. ఒక కుర్రవాడు తెచ్చిన చిత్రంలో ప్రతి వాక్యమూ హలంతమై వినబడితే తెలుగా తమిళమా అని విస్తుపోయినాను. ఆ మీటను ఆపివేయించిన తరువాత గాని 'వచ్చాడు'లో ఉకారం తిరిగిరాలేదు. ఫోనులో శబ్దపు మట్టాన్ని తనంతట పెంచి తగ్గించే ఏర్పాటును కూడ ఆపగలిగితే ఆపాలి. లేకుంటే మాట ఆగిన ప్రతిచోటా పంఖా గట్టిగా అరుస్తుంది.

రెండవ కొనుగోలు బూమ్ కర్ర, ఆ తరువాతనే దానిపైకి మైకు. కర్రకు డబ్బు లేకుంటే వెదురు గడ చాలును. కెమెరాపై తగిలించుకొనే చిన్న షాట్‌గన్‌లు, 2004లో రోడ్ వారు తెచ్చిన వీడియోమైక్ తరహావి, కెమెరాపై ఉంచడానికన్నా గడ చివర కట్టి నటుని తలపై మూరెడు ఎత్తున పట్టడానికి బాగుంటాయి. తావు ఆరుబయలైతే గాలికి బొచ్చుతొడుగు తప్పనిసరి. ఇంట్లో, ముఖ్యంగా మన శ్లాబు కప్పులూ పలకరాళ్ళ నేలలూ ఉన్న గదులలో, పొడవైన షాట్‌గన్ పేరుకు తగ్గ పని చేయదు. కప్పునుండి తిరిగివచ్చే శబ్దం కూడ మాటవచ్చే వైపునుండే దూరుతుంది, గొట్టం విద్య అక్కడ పారదు. అట్టి చోట పొట్టి మైకు మేలు. కెమెరాకు కనబడని గోడలపై బొంతలు, దుప్పట్లు వ్రేలాడదీయడం ఇంకా మేలు. గడ పట్టేవాడికి సంభాషణ అంతా కంఠస్థం కావాలి. ఎవరి మాట తరువాత ఎవరిదో తెలియనివాడు ఎప్పుడూ ఒక అక్షరం ఆలస్యంగానే తిప్పుతాడు.

ఇదంతా ఇంత పట్టుదలగా చెప్పడానికి కారణం ఒకటున్నది. చాలా ఏళ్ళక్రిందట మా పాఠశాల వార్షికోత్సవంలో, ఉద్యోగం చాలించబోతున్న నా సహోపాధ్యాయుడొకరు రాయబారం పద్యాలు పాడినారు. అట్లా పాడగలవారిని తరువాత నేను చూడలేదు. వీడియో తీసినవాడు పందిరి చివర, జనరేటరుకు దగ్గరగా త్రిపాదిమీద కెమెరా నిలిపి, దానిలోని మైకునే నమ్ముకున్నాడు. ఆయన మరణించిన తరువాత కుటుంబంవారు ఆ క్యాసెట్టును డిస్కుగా మార్పించి నాకొక ప్రతి ఇచ్చినారు. చేయి ఎత్తడం కనబడుతుంది, మెడనరాలు ఉబ్బడం కనబడుతుంది. వినబడేది జనరేటరు. వేదికమీద ఆయన ముందరే మైకుసెట్టువాని మైకు ఉన్నది. దానినుండి ఒక తీగ లాగి కెమెరాకు ఇచ్చి ఉంటే సరిపోయేది. తీగ ధర ఆనాడు వంద రూపాయలు కూడ ఉండదు.

కొనవలసినవి అయినవి గనుక, కొననక్కరలేనిది ఒకటి చెప్పి ఆపుతాను. ప్రతి తావులోనూ చిత్రీకరణ ముగిసిన వెంటనే, సామాను సర్దుకోకముందే, అందరినీ కదలకుండా నిలబెట్టి ఒక నిమిషంపాటు ఆ చోటి ఊరక ఉన్న శబ్దాన్ని అదే మైకుతో పట్టుకోండి. కూర్పు చేసేటప్పుడు రెండు మాటల నడుమ కత్తిరించిన చోట చెవికి గొయ్యిలా తగలకుండా పూడ్చడానికి ఆ నిమిషమే కావాలి. పిల్లలు నవ్వాపుకోలేరు, రెండవసారి, మూడవసారి పట్టవలసి వస్తుంది. ఆ నిమిషంలో గోడమీద బల్లి పలికినా ఫరవాలేదు, అది ఆ ఇంటిదే.